ప్రేమ ఉన్న ఇళ్లలో ఇష్టం సంగతి

(కుటుంబ సంబంధాల గురించి కడపలో జరిగిన ఒక సభలో చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారు చదువుకోవడానికి వీలుగా రికార్డింగు విని రాశాం. తడబాట్లను మాత్రమే తీసివేశాం.)

సభకు వచ్చిన పెద్దలకు, అక్కలకు, అన్నలకు, కాలేజీల నుంచి వచ్చిన పిల్లలకు నమస్కారం. ఒక మనిషిని ప్రేమించడం, ఆ మనిషి మనకు నచ్చడం, ఈ రెండూ ఒకటేనా? ఈ సాయంత్రం నేను మీ ముందు పెట్టదలచుకున్న ప్రశ్న ఇదే. ఒకటే అని చాలామంది అనుకుంటారు. ఇష్టం కాస్త ముదిరితే ప్రేమ అవుతుందని, ప్రేమ ఉన్నచోట ఇష్టం ఎలాగూ ఉంటుందని అనుకుంటారు. నేను డిగ్రీ విద్యార్థులకు మనస్తత్వశాస్త్రం పాఠాలు చెప్పినంత కాలమూ, ఉద్యోగం ముగిశాక కుటుంబాలతో కూర్చొని వాళ్ల గొడవలు వింటున్న ఈ కాలంలోనూ నాకు కనిపించింది వేరు. ఇవి రెండూ వేర్వేరు కారణాల వల్ల పుడతాయి, వేర్వేరు కారణాల వల్ల తరుగుతాయి, ఒకటి చెక్కుచెదరకుండా ఉండగానే రెండోది పూర్తిగా పోయి ఉండవచ్చు. మన ఇళ్లలో జరిగే దుఃఖంలో చాలా భాగం ఈ తేడా తెలియకపోవడం వల్ల వస్తోందని నా నమ్మకం.

ఒక పని చేయండి. మీ ఇంట్లో మీరు ప్రాణంగా చూసుకునే మనిషిని ఒక్కరిని మనసులో తలచుకోండి. ఎవరినని నాకు చెప్పనక్కర లేదు, పక్కన కూర్చున్నవారికి అసలే చెప్పనక్కర లేదు. ఆ మనిషి మీకు ఏమీ కాకపోయి ఉంటే, పక్క వీధిలో కాపురముండే ఎవరో ఒక మనిషి అయి ఉంటే, సాయంత్రం పని తీరాక మీరు వెళ్లి ఆ ఇంటి అరుగు మీద కూర్చొని కాసేపు మాట్లాడి వస్తారా? ఆ మనిషి మాట వినాలని మీకు అనిపిస్తుందా? వెంటనే అవునని అనుకున్నవారు అదృష్టవంతులు. ఒక్క క్షణం ఆగినవారు తప్పు చేసినట్టు బాధపడవద్దు. ఆ ఆగిన క్షణం గురించే నేను మాట్లాడబోతున్నాను.

ఈ రెండింటినీ విడదీసి కొలవవచ్చునని మొదటగా చూపించిన వ్యక్తి జిక్ రూబిన్ అనే అమెరికా మనస్తత్వశాస్త్రవేత్త. 1970లో ఆయన తన పరిశోధనను ప్రచురించారు. మిచిగాన్ విశ్వవిద్యాలయంలో, అప్పటికి ఇంకా పెళ్లి నిశ్చయం కాని 158 ప్రేమికుల జంటల చేత ఆయన రెండు ప్రశ్నపత్రాలు నింపించారు. ఒక్కొక్క దానిలో 13 వాక్యాలు ఉంటాయి. ఒకటి ప్రేమను కొలిచేది, రెండోది ఇష్టాన్ని కొలిచేది. ఆ వాక్యాలు ఏ విషయాలను అడుగుతాయో వింటే తేడా మీకే తెలుస్తుంది. ఆ మనిషి లేకుండా నాకు గడవడం కష్టమా, ఆ మనిషి కోసం నేను ఏ పనికైనా సిద్ధమా, ఆ మనిషి ఏం చేసినా క్షమించగలనా, ఆ మనిషి మంచిచెడ్డలు చూడవలసిన బాధ్యత నాదని అనిపిస్తుందా? ఇవి ప్రేమ ప్రశ్నలు. ఆ మనిషికి మంచి వివేచన ఉందని నమ్ముతానా, బాధ్యత గల ఉద్యోగానికి ఆ మనిషి పేరు నేను చెప్పగలనా, ఒక ఎన్నికలో నిలబడితే నా ఓటు వేస్తానా, ఆ మనిషిలాగా ఉండాలని నాకు అనిపిస్తుందా? ఇవి ఇష్టం ప్రశ్నలు.

గమనించారా? మొదటి పత్రంలోని ప్రశ్నలన్నీ నా గురించినవి. నా అవసరం, నా బాధ్యత, నా క్షమ, నా త్యాగం. రెండో పత్రం మాత్రం ఎదుటి మనిషిని నిలబెట్టి, ఆ మనిషి ఎలాంటివాడు, ఎలాంటిది అని చూస్తుంది. మొదటి పత్రానికి జవాబులు రాయడానికి ఆ మనిషి గురించి నాకు పెద్దగా తెలియనక్కర లేదు. రెండో పత్రానికి తెలిసి తీరాలి.

రూబిన్‌కు కనిపించిన ఇంకొక సంగతి నన్ను చాలాకాలం ఆలోచింపజేసింది. ఆయన ఆ ప్రశ్నలనే వాళ్ల దగ్గరి స్నేహితుల గురించి కూడా అడిగారు. ప్రేమ దగ్గర ప్రేమికుడికీ స్నేహితుడికీ మధ్య అంతరం చాలా ఎక్కువగా ఉంది. ఇష్టం దగ్గర ఆ అంతరం చాలా తక్కువ. అంటే, ప్రాణంగా ప్రేమించే మనిషి ఎంత నచ్చాడో, ఏ ప్రమాణాలూ చేసుకోని స్నేహితుడు కూడా ఇంచుమించు అంత నచ్చాడు. పైగా ఈ రెండు కొలతలూ ఒకదానితో ఒకటి కొంతమేరకే కలిసి నడిచాయి, అందులోనూ మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఇంకా తక్కువగా కలిశాయి. మగవాడు నచ్చకపోయినా అతన్ని ప్రేమించగలగడం ఆడవాళ్లకు చిన్నప్పటి నుంచి నేర్పిన విద్య అని నాకు అనిపిస్తుంది. ఇది ఆయన చెప్పిన మాట కాదు, నేను అనుకునేది.

ప్రేమ ఎందుకు అంత గుడ్డిగా పుడుతుంది? ఈ ప్రశ్నకు బ్రిటన్‌కు చెందిన జాన్ బౌల్బీ అనే మానసిక వైద్యుడు జీవితమంతా వెచ్చించి సమాధానం వెతికారు. పసిబిడ్డ తనను సాకే మనిషిని గట్టిగా అంటిపెట్టుకుంటుంది. అంటిపెట్టుకోకపోతే బతకదు. ఆ మనిషి మంచిదా, చెడ్డదా, తెలివైనదా అని చూసి ఎంచుకునే స్థోమత బిడ్డకు లేదు. దగ్గర ఉన్నది ఎవరైతే వారినే పట్టుకుంటుంది. 1958లో హ్యారీ హార్లో అనే శాస్త్రవేత్త కోతిపిల్లలతో చేసిన ప్రయోగాల గురించి ప్రకటించారు. తీగలతో చేసిన ఒక బొమ్మ తల్లి, మెత్తటి గుడ్డ చుట్టిన ఇంకొక బొమ్మ తల్లి. పాలు తీగల బొమ్మ దగ్గరే పెట్టినా, పిల్లలు పాలు తాగి వచ్చి గుడ్డ బొమ్మనే కరచుకొని గంటల తరబడి ఉండిపోయాయి. ఆ తర్వాత ఆయన చేసిన ప్రయోగాలు వింటే మనసు కలుక్కుమంటుంది. గుడ్డ బొమ్మ ఉన్నట్టుండి విదిలించి కొట్టేలా, గట్టిగా గాలి చిమ్మేలా ఏర్పాటు చేశారు. పిల్ల ఎగిరి అవతల పడేది. బొమ్మ నెమ్మదించగానే మళ్లీ వచ్చి దానినే పట్టుకునేది. ఇంకా గట్టిగా పట్టుకునేది.

ఈ సంగతి చెబుతున్నప్పుడు నాకు ఎందరో ఆడపిల్లలు గుర్తుకొస్తారు. రాత్రి దెబ్బలు తిన్న అమ్మాయి తెల్లవారి నా ఎదుట కూర్చొని, ‘ఆయనంటే నాకు ప్రేమ పోలేదమ్మా, అందుకే పోలేకపోతాండా’ అంటుంది. ప్రేమ పోకపోవడం నిజమే. ఆ అమ్మాయి అబద్ధం చెప్పడం లేదు. అయితే ప్రేమ పోలేదన్న కారణంగా అతను మంచివాడైపోడు, ఆ ఇల్లు భద్రమైనదైపోదు. భయం పెరిగినకొద్దీ మనిషి పట్టు ఇంకా బిగుస్తుంది, దానిని ప్రేమ బలం అనుకొని మోసపోతాం. అలాంటి అమ్మాయిని నేను ప్రేమ గురించి అడగను. ఆ మనిషి నీకు నచ్చుతాడా, నీ చెల్లెలిని అలాంటివాడికి ఇస్తావా అని అడుగుతాను. జవాబు చెప్పడానికి ఒక్కరికీ ఎక్కువసేపు పట్టలేదు. సభలో ఎవరికైనా అవసరం ఉండవచ్చు కాబట్టి చెబుతున్నాను: గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే చట్టం 2005 నుంచి ఉంది, 181 నంబరుకు ఫోన్ చేస్తే మహిళలకు సాయం అందుతుంది. ప్రేమ మిగిలి ఉండగా ఫోన్ చేయకూడదని ఆ చట్టంలో ఎక్కడా లేదు.

హింస ఉన్న ఇళ్ల సంగతి అంతటితో ఆపుతాను. హింస లేని ఇళ్లు, అందరూ అందరినీ ప్రేమించే ఇళ్లు, అవే మన ఇళ్లలో ఎక్కువ. అక్కడ ఇష్టం ఎలా పోతుంది?

మన ప్రాంతానికి బాగా తెలిసిన ఒక బతుకు ఉంది. రాజంపేట, రాయచోటి, బద్వేలు వైపు కువైట్ వెళ్లని మనిషి లేని ఊరు వెతికితే దొరకడం కష్టం. మగవాళ్లు డ్రైవర్లుగా, ఆడవాళ్లు ఇంటిపనికి. అప్పు తీర్చాలి, ఇల్లు కట్టాలి, ఆడపిల్ల పెళ్లి చేయాలి. ఇంతకంటే పెద్ద ప్రేమ ఎక్కడైనా ఉంటుందా? అంత ఎండలో, పరాయి ఇంట్లో, పండుగకు కూడా రాకుండా సంపాదించి పంపే మనిషి ప్రేమను ఎవరు శంకించగలరు? అలాంటి ఒక కుటుంబం నా దగ్గరికి వచ్చింది. గుర్తుపట్టే వివరాలేవీ చెప్పను. ఆయన ఏళ్ల తరబడి అక్కడ పనిచేసి, ఇక చాలని తిరిగి వచ్చేశాడు. వచ్చిన కొన్ని నెలలకే ఇంట్లో ఒకరి ముఖం ఒకరు చూడలేని స్థితి వచ్చింది. ఆమె ఏమన్నదో చూడండి. ‘ఆయన ఆడుండప్పుడే బాగుండె అమ్మా. ఫోన్ పెట్టేసినాక గూడా శానాసేపు ఆయన గురించే అనుకుంటాంటి. ఇప్పుడు ఎదురుగ్గా కూచోనుండాడు, ఏం మాట్లాడాల్నో తెలీదు.’ కొడుకు ఇంకొక మాట అన్నాడు. ‘మా నాయన నాకోసరం పానమిస్తాడు. కానీ నేనంటే ఆయనకు ఇష్టం ల్యాదు.’

ఆ పిల్లవాడి వయసు పదహారు. అంత చదువుకున్న మనకు దొరకని తేడాను రెండు వాక్యాల్లో చెప్పాడు.

ఏం జరిగిందక్కడ? ఆ తండ్రి ఒక పసివాడిని వదిలి వెళ్లాడు. ఆ పసివాడినే మనసులో పెట్టుకొని అన్నేళ్లూ పనిచేశాడు. తిరిగి వచ్చేసరికి ఇంట్లో ఉన్నది వేరే మనిషి. తన సొంత అభిప్రాయాలున్న, తండ్రి మాట మధ్యలో సెల్లు చూసుకునే, క్రికెట్ కంటే బొమ్మలు గీయడం మీద మనసున్న కుర్రవాడు. ఆ కుర్రవాడిని తండ్రి చూడనే లేదు. తాను ప్రేమించిన పసివాడు ఎక్కడికి పోయాడని వెతుకుతూ, ఎదుట ఉన్నవాడిని విసుక్కున్నాడు. ఆ ఇంట్లో ప్రేమ ఏమాత్రం తగ్గలేదు. ఇష్టం పుట్టడానికి కావలసిన దగ్గరితనం మాత్రం వాళ్లకు దొరకలేదు.

దగ్గరితనం అంటున్నాను, అది ఉత్త మాట కాదు. లియోన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వశాస్త్రవేత్త, ఆయన సహచరులు 1950లో ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చదువుకునే వివాహిత విద్యార్థుల క్వార్టర్లలో ఎవరు ఎవరికి స్నేహితులయ్యారో వారు లెక్క తీశారు. తలుపుకు తలుపు ఎంత దగ్గరగా ఉంటే స్నేహం అంత ఎక్కువగా కుదిరింది, మెట్ల దగ్గర కాపురమున్నవారికి పై అంతస్తువారితో కూడా స్నేహాలు కుదిరాయి. గొప్ప గుణాలు చూసి కుదిరిన స్నేహాలు కావవి. రోజూ ఎదురుపడడం, నీళ్ల బక్కెట్టు దించి రెండు మాటలు మాట్లాడుకోవడం, అంతే. ఇష్టానికి ఇలాంటి చిన్న చిన్న ఎదురుపాట్లు కావాలి. ప్రేమ సముద్రాల అవతల కూడా బతుకుతుంది. ఇష్టం అలా బతకదు, దానికి రోజూ కాస్త మేత కావాలి.

కువైట్ వెళ్లనక్కర లేదు. ఒకే కప్పు కింద ఉండి కూడా మనం కువైట్‌లో ఉన్నట్టే ఉంటున్నాం. ఇంటర్మీడియట్ చదివే పిల్లలున్న తల్లిదండ్రులు ఈ సభలో చాలామంది కనిపిస్తున్నారు. హాస్టల్‌లో ఉన్న పిల్లవాడు ఆదివారం ఫోన్ చేస్తే మనం ఏం అడుగుతాం? మార్కులు ఎన్ని వచ్చాయి, తిన్నావా, జ్వరం తగ్గిందా, డబ్బులు ఉన్నాయా. ఇవన్నీ ప్రేమ ప్రశ్నలు. తప్పు పట్టడం లేదు, అడగాల్సిందే. అయితే ఆ వారంలో వాడు దేనికి నవ్వాడో అడిగామా? ఏ లెక్చరర్ పాఠం వాడికి నచ్చిందో, గదిలో ఎవరితో జత కుదిరిందో, ఏ విషయం మీద వాడి అభిప్రాయం మారిందో మనకు తెలుసా? ఆ పిల్లవాడి గురించి మీకు నచ్చే విషయాలు ఐదు చెప్పమని నేను తల్లిదండ్రులను అడుగుతుంటాను. బాగా చదువుతాడు, మాట వింటాడు అని చెప్పి ఆగిపోతారు. ఆ రెండూ వాడి గుణాలు కావు, మనకు వాడి వల్ల కలిగే సౌకర్యాలు. తల్లిదండ్రులకు తాను నచ్చుతానా లేదా అన్నది పిల్లలు చాలా చిన్న వయసులోనే పసిగడతారు. తాను గదిలోకి వచ్చినప్పుడు అమ్మ ముఖం ఎలా మారుతుందో వాళ్లు చూస్తారు. మందులు ఇప్పించేటప్పుడు, ఫీజు కట్టేటప్పుడు కనిపించే ముఖం వేరు. ఏ పనీ లేకుండా తనతో కూర్చున్నప్పుడు కనిపించే ముఖం వేరు.

షెల్లీ గేబుల్ అనే పరిశోధకురాలు 2004లోనూ, 2006లోనూ ప్రచురించిన పరిశోధనలు ఇక్కడ బాగా పనికొస్తాయి. ఒకరి కష్టంలో మరొకరు ఎలా తోడు నిలుస్తారన్నదాని మీదే అప్పటివరకు అందరి చూపు ఉండేది. ఆమె దానిని తిప్పి, ఒకరు తమకు జరిగిన మంచిని చెప్పినప్పుడు రెండోవారు ఎలా స్పందిస్తారో చూశారు. ఉత్సాహంగా, ఇంకా ఇంకా అడిగి తెలుసుకునే జంటల బంధం బాగున్నట్టు తేలింది. తర్వాతి కాలంలో బంధం ఎలా ఉంటుందో చెప్పడానికి కష్టంలోని తోడు కంటే ఈ స్పందనే ఎక్కువ పనికొచ్చింది. నాకు ఇందులో ఆశ్చర్యం ఏమీ లేదు. కష్టం వచ్చినప్పుడు ప్రేమ తనంతట తానే పరుగెత్తుకొస్తుంది. ఆసుపత్రి బయట రాత్రంతా కూర్చోవడానికి మన కుటుంబాల్లో మనుషులకు కొదవ లేదు. కోడలు మొదటిసారి స్కూటీ నేర్చుకొని మార్కెట్ దాకా వెళ్లి వచ్చానని సంబరంగా చెబితే, పనులు మాని నిలబడి వినేవాళ్లు ఎందరు? ‘సరేలే, పప్పు పొయ్యి మీద ఉంది, చూడు’ అంటాం. ఆ ఒక్క మాటతో ఏమీ కూలిపోదు. పదేళ్లు అదే మాట అంటే, ఆ కోడలు తన సంతోషాలను ఇంట్లో చెప్పడం మానేస్తుంది.

ఇక భార్యాభర్తల విషయానికి వస్తాను. ప్రేమ పెళ్లి మేలా, పెద్దలు కుదిర్చిన పెళ్లి మేలా అని ప్రతి సభలోనూ ఎవరో ఒకరు అడుగుతారు, ఈ రోజు కూడా అడుగుతారు, కాబట్టి ముందే చెబుతున్నాను. 1982లో ఉషా గుప్తా, పుష్పా సింగ్ అనే పరిశోధకులు జైపూర్‌లో 50 జంటలకు రూబిన్ కొలమానాలనే ఇచ్చి చూశారు. కొత్తగా పెళ్లయినవారిలో ప్రేమ పెళ్లి జంటలకు ప్రేమ ఎక్కువగా కనిపించింది. ఐదేళ్లు దాటినవారిలో పెద్దలు కుదిర్చిన జంటలది పైచేయి అయింది. పెద్దలు ఈ ఫలితాన్ని విని చాలా సంతోషిస్తారు. కాస్త ఆగండి. ఆ 50 జంటలనే ఏళ్ల తరబడి వెంబడించి చూడలేదు, వేర్వేరు కాలం కాపురం చేసిన వేర్వేరు జంటలను ఒకేసారి అడిగారు. అమెరికాలో స్థిరపడిన భారతీయుల మీద 2012లో వచ్చిన ఇంకొక అధ్యయనంలో ఈ రెండు రకాల పెళ్లిళ్లకూ మధ్య ప్రేమలో గాని తృప్తిలో గాని తేడా కనిపించలేదు. పెళ్లి ఎలా కుదిరిందన్న దానికి మనం ఇచ్చినంత బరువు దానికి లేదు. ఎలా కుదిరిన పెళ్లి అయినా ఆ తర్వాత ఇద్దరు మనుషులు ఒకరినొకరు చూసుకుంటూనే ఉంటారు. ఆ చూపు ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న.

ఆ చూపు చాలాసార్లు తలకిందులవుతుంది. డయాన్ ఫెల్మ్లీ అనే సామాజికశాస్త్రవేత్త 1995లో చాలా ఆసక్తికరమైన సంగతి ఒకటి చూపించారు. మొదట్లో ఏ గుణం చూసి మోజు పడ్డామో, కొందరిలో ఆ గుణమే తర్వాత భరించలేనిదవుతుంది. నా ముందు కూర్చున్న భార్యాభర్తల నోట ఇది ఎన్నిసార్లు విన్నానో. ‘మాట తక్కువ మనిషి, నెమ్మదస్తుడు అని చేసుకున్నా, ఇప్పుడు ఇంట్లో మనిషి ఉన్నాడో లేడో తెలియదు’ అని ఆమె. ‘గలగలా నవ్వుతూ ఉంటుందని ముచ్చటపడ్డా, ఇప్పుడు చెవులు చిల్లులు పడుతున్నాయి’ అని ఆయన. మారింది ఎవరు? ఇద్దరూ మారలేదు. ఆయన నెమ్మదితనం ఆయనలోనే ఉంది, ఆమె నవ్వు ఆమెలోనే ఉంది. ఆ గుణాన్ని ఒకప్పుడు ఆ మనిషిదిగా చూశారు, ఇప్పుడు తమకు జరుగుతున్న అన్యాయంగా చూస్తున్నారు.

కాపురాలు పోట్లాటల వల్ల చెడతాయని మనం అనుకుంటాం. టెడ్ హస్టన్ అనే పరిశోధకుడు, ఆయన బృందం పెన్సిల్వేనియాలో 1981లో పెళ్లి చేసుకున్న 168 జంటలను పదమూడేళ్లకు పైగా గమనించారు. మొదటి రెండేళ్లలో ఎంత పోట్లాడుకున్నారన్న దాని కంటే, ఆ కాలంలో ఆప్యాయత ఎంత తరిగిపోయింది, ఒకరి మీద ఒకరికి ఉన్న మంచి అభిప్రాయం ఎంత సడలింది అన్నదే తర్వాతి విడాకులను ముందుగా సూచించింది. పోట్లాటలోనైనా ఎదుటి మనిషి మాటకు విలువ ఉంటుంది, అందుకే అంత గట్టిగా వాదిస్తాం. సియాటిల్‌లో దశాబ్దాల పాటు దంపతుల సంభాషణలను వీడియో తీసి పరిశీలించిన జాన్ గాట్‌మన్ అనే మనస్తత్వశాస్త్రవేత్త, కాపురానికి అన్నిటికంటే చేటు చేసేది కోపం కాదని, ఈసడింపు అని చెప్పారు. కనుబొమ్మ ఎగరేయడం, మూతి విరవడం, ‘నీకేం తెలుసులే’ అనడం, బంధువుల ముందు భార్య మాటను వెక్కిరించడం, పిల్లల ముందు భర్త సంపాదనను తీసిపారేయడం. రూబిన్ రెండో పత్రాన్ని ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. ఆ మనిషి వివేచన మీద నమ్మకం, ఆ మనిషి పట్ల గౌరవం. ఈసడింపు సరిగ్గా వాటి మీదే దెబ్బ కొడుతుంది. అలా ఈసడించే మనిషే రాత్రి ఆమెకు గుండెనొప్పి వస్తే చెప్పులు కూడా వేసుకోకుండా రిమ్స్ ఆసుపత్రికి పరుగెత్తుతాడు. అందుకే బయటివాళ్లు, ‘ఎంత ప్రేమ ఉందో చూడు, ఊరికే నోటి దురుసు’ అంటారు. ఆమె పగలంతా బతికేది ఆ నోటితోనే కదా?

మన సీమలో బోర్లు వేసినవాళ్లకు ఒక సంగతి తెలుసు. చెరువు నిండిన ఏడాది బోరులో నీళ్లు పైకి వస్తాయి. చెరువు ఎండినా బోరు కొంతకాలం పోస్తూనే ఉంటుంది, ఆ ధీమాతో చెరువును ఎవరూ పట్టించుకోరు. ప్రేమను బోరు అనుకోండి, ఇష్టాన్ని చెరువు అనుకోండి. నేను చూసిన చాలా ఇళ్లలో బోరు ఇంకా పోస్తోంది, చెరువులో తుమ్మచెట్లు మొలిచి ఉన్నాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి. ముందు వరుసలో ఉన్న పెద్దాయన ముఖం చూస్తే వచ్చేసినట్టే ఉంది. ప్రేమకు కారణాలు అక్కర లేదు, అందుకే అది గొప్పది. ఇష్టానికి కారణాలు కావాలి, గుణదోషాలు తూచాలి, అలాంటప్పుడు అది తక్కువ రకం కాదా? సొంతవాళ్లను తూచి చూడడం ఏం ధర్మం?

ఈ ప్రశ్నను నేను చాలా గౌరవిస్తాను. కారణం లేని ప్రేమ మనిషికి భద్రత ఇస్తుంది. నేను ఫెయిలైనా, పేదవాడినైనా, మంచాన పడినా నన్ను వదలరన్న ధైర్యం దాని వల్లనే వస్తుంది, ఆ ధైర్యం లేని బిడ్డ బతుకు నరకం. దానిలో ఒక్క అణువు కూడా తగ్గించమని నేను చెప్పడం లేదు. అయితే ఆ ప్రేమలో నేను ఎలాంటివాడినన్న దానికి చోటు లేదు. నా స్థానంలో ఇంకొకరు మీ కొడుకుగా పుట్టి ఉంటే వాళ్లనూ ఇంతే ప్రేమించేవారు. ఇది ప్రేమ గొప్పతనమే, అదే సమయంలో దాని లోటు కూడా. నేను రాసిన అక్షరం, నేను చేసే హాస్యం, నా పట్టుదల, నాకు మాత్రమే ఉన్న ఆలోచన, వీటిని చూసి ఎవరైనా సంతోషించారా అని మనిషి జీవితాంతం ఎదురుచూస్తాడు. ఆ సంతోషానికి కారణాలు ఉండాలి. కారణం లేకుండా మెచ్చుకుంటే నన్ను చూసినట్టు కాదు. పొరుగువాళ్ల దగ్గర, స్నేహితుల దగ్గర దొరికే ఈ చూపు కోసం పిల్లలు ఇంటి బయట తిరుగుతారు, దంపతులు ఎవరెవరితోనో ఫోన్లలో మాట్లాడుకుంటారు. ప్రేమ లేక వెళ్లారని మనం అనుకుంటాం. ఇంట్లో వాళ్లకు ప్రేమ పుష్కలంగా ఉంది, వాళ్లను చూసేవాళ్లే లేరు.

మరి పోయిన ఇష్టాన్ని తెచ్చుకోవచ్చా? బలవంతాన తెచ్చుకోలేం. ‘నేటి నుంచి నాకు నువ్వు నచ్చాలి’ అని మనసుకు ఆజ్ఞ ఇస్తే అది వినదు. కాని చాలా ఇళ్లలో ఇష్టం పోలేదు, అసలు మొదలే కాలేదు. ముప్పై ఏళ్లు కాపురం చేసి, భార్యకు చిన్నప్పుడు ఏ చదువు చదవాలని ఉండేదో తెలియని భర్తలు ఉన్నారు. అలాంటివారికి నేను చెప్పేది చాలా మామూలు మాట: అడగండి. ఆమెను, ఆయనను, పిల్లవాడిని ఒక అపరిచితుడిని పలకరించినంత మర్యాదగా పలకరించండి. రైలులో ఎదుటి సీటులో కూర్చున్న మనిషిని, ‘మీదే ఊరు, ఏం పని చేస్తారు, ఆ పనిలో కష్టమేమిటి’ అని ఎంత ఓపికగా అడుగుతాం! ఆ ఓపికలో సగం ఇంట్లో చూపిస్తే చాలు. నేను చెప్పిన ఆ తండ్రీకొడుకుల ఇంట్లో జరిగింది అదే. కొడుకు గీసిన బొమ్మలను కూర్చొని ఒక్కొక్కటి చూడమని తండ్రితో చెప్పాను. మెచ్చుకోమని చెప్పలేదు, చూడమన్నాను. మొదటి వారం ఆయనకు విసుగు పుట్టింది. తర్వాత ఒక బొమ్మలో తాను కువైట్‌లో నడిపిన బండి రంగు, అద్దానికి వేలాడే తాయెత్తుతో సహా, కనిపించింది. ఎప్పుడో పంపిన ఫొటో చూసి గీశాడట. ఇప్పుడు వాళ్లిద్దరూ పోట్లాడుకోవడం లేదని చెప్పను. పోట్లాడుకుంటున్నారు, ఎక్కువగా రంగుల ధర గురించి.

మనిషిలోని ప్రతి గుణమూ మనకు నచ్చాలన్న పట్టుదల కూడా వద్దు. అత్తకు కోడలి వంట నచ్చకపోవచ్చు, ఆమె ధైర్యం నచ్చవచ్చు. ఆ ధైర్యం దగ్గర కూర్చోవచ్చు కదా, రోజూ వంట దగ్గరే ఎందుకు కూర్చోవాలి? అన్నదమ్ముల సంగతి కొంచెం వేరు. పొలం పంచుకున్న తర్వాత మాటలు ఆగిపోయిన అన్నదమ్ముల మధ్య ప్రేమ, కోపం రెండూ గట్టిగానే ఉంటాయి, కానీ అక్కడ ముందు తేలవలసింది గట్టు లెక్క. అది తేలకుండా ఇష్టం గురించి మాట్లాడితే అన్యాయం జరిగినవాడి నోరు మూయించినట్టవుతుంది.

అలాగే, కొందరు మనకు ఎంత తెలుసుకున్నా నచ్చరు. తెలిసినకొద్దీ ఇంకా నచ్చరు. అలాంటి తండ్రి ఉండవచ్చు, అలాంటి అక్క ఉండవచ్చు. వయసు మళ్లిన తండ్రికి వేళకు మందులిచ్చి, దుప్పటి కప్పి, ఆయన మాటలు భరించలేక బయటికి వచ్చి కూర్చునే కూతుళ్లు నాకు తెలుసు. మాకు ప్రేమ లేదేమోనని వాళ్లు కుమిలిపోతుంటారు. వాళ్లకు ప్రేమ ఉంది, లేకపోతే ఆ మందుల వేళ గుర్తుండదు. ఆయన నచ్చలేదు, అంతే. నచ్చనందుకు క్షమాపణ చెప్పుకోవలసిన అవసరం వాళ్లకు లేదు. సేవ చేసే మనిషి నవ్వుతూ కూడా చేయాలని చుట్టాలు వచ్చి పాఠాలు చెబుతారు. దయచేసి ఆ పాఠాలు చెప్పకండి. వీలైతే ఆ ఆదివారం మీరు ఆ మంచం పక్కన కూర్చొని, ఆమెను కాసేపు బయటికి పంపండి.

నేను చెప్పదలచుకున్నది చెప్పాను. ఇంకా అరగంట సమయం ఉందని నిర్వాహకులు అంటున్నారు. అందరి ముందు అడగలేనివారు కాగితం మీద రాసి పంపండి, పేరు రాయనక్కర లేదు.